గాలిబండ మీద గాలి మాటలు

ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. తెనాలిలో తెలుసు. అమెరికాలో ఉన్న మా తోడల్లుడి కొడుక్కి ఫొటోతో సహా తెలుసు. ఇంకా దాచుకుని నేను బావుకునేదేముంది? రేపో మాపో ఎవరో ఒకరు మీ చెవిన కూడా వేస్తారు. వాళ్ళ నోట వినేకంటే నా నోట వినండి. నేనైతే కాస్త జాలి కలిపి చెప్పుకుంటాను.

మాది బి.కొత్తకోట. హైదరాబాదు వచ్చి ఇన్సూరెన్సు ఆఫీసులో చేరి ఇరవై ఏడేళ్ళయింది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అది నాకు మామూలు ఊరే. బస్టాండు, సంత, చెనిక్కాయ చేలు, టమాటా తోటలు, ఎండాకాలం వస్తే కొళాయి దగ్గర బిందెల వరస. తల ఎత్తితే హార్సిలీ కొండ కనబడేది. కొండ అన్నాక కనబడక ఏం చేస్తుంది అనుకునేవాణ్ణి. ఊరు వదిలాకే వచ్చింది తంటా. పరాయి ఊళ్ళో అద్దె కొంపలో కూచున్నవాడికి సొంతూరు ఏడాదికింత పెరుగుతుంది. మీ ఊరు పెరగలేదా? నిజం చెప్పండి. మా కొండ ఎత్తు సముద్ర మట్టానికి నాలుగు వేల అడుగుల పైచిలుకు. నేను హైదరాబాదు బస్సు ఎక్కినప్పుడు అంతే ఉండింది. మా ఆఫీసు క్యాంటీన్లో అది 2005కల్లా ఐదు వేలు దాటింది. 2015లో నాకు రావలసిన ప్రమోషను రాకపోయేసరికి ఒక్కసారిగా ఆరున్నర వేలకు పోయింది. ఈమధ్య "ఊటీ కంటే ఓ మెట్టు పైనే" అనడం మొదలుపెట్టాను. ఊటీ ఏడు వేల అడుగులకు పైన ఉంటుందని నాకు తెలీక కాదు. క్యాంటీన్లో ఎవరికీ తెలీదని నమ్మకం.

అసలు చిత్రమేమిటంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పినా గొప్పే. అందరూ ఎగబడి పోయే అరకు లోయ మూడు వేల అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. మా కొండ దాన్ని ఎప్పుడో దాటేసింది. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే మర్యాదగా ఉండేది. కానీ నిజం నాలుక మీద చప్పగా ఉంటుంది చూశారా, కాస్త ఉప్పు పడాల్సిందే.

చదువు సంగతీ అంతే. ఎక్కడ చదివారంటే "రిషివ్యాలీ దగ్గర" అంటాను. 'రిషివ్యాలీ' గట్టిగా పలికి, 'దగ్గర' మింగేస్తాను. జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన ఆ బడి కొండకు ఆ పక్క లోయలో ఉంది. నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూలు కొండకు ఈ పక్క ఊళ్ళో ఉంది. మధ్యలో ఒక్క కొండే కదా అడ్డం!

ఈ ఉబ్బుకు సూది గుచ్చినవాడు మా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి భర్త, తెనాలి మనిషి. నెమ్మదస్తుడు. ఆయనలో ఉన్నది ఒకే ఒక్క దుర్గుణం: ఏ ఊరెళ్ళినా ఆ ఊరి సంగతులు నిజంగానే తెలుసుకుని వస్తాడు. పోయినేడాది కొడుకు దగ్గర ఆర్నెల్లుండి వచ్చి, మా ఇంటి భోజనాల దగ్గర టెనెసీ కొండల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అట. 1934లో నేషనల్ పార్కు చేశారట. ఏడాదికి కోటిమందికి పైగా పోయి చూస్తారట. అందులో కేడ్స్ కోవ్ అని ఒక లోయ, అక్కడ పాతకాలపు రైతుల దుంగల ఇళ్ళు, చర్చీలు, పిండిమర ఎక్కడివక్కడ కాపాడి పెట్టారట.

"మన పల్లెటూళ్ళలాంటివేనండీ అన్నయ్యగారూ. కానీ ఏ కాలిబాట ఎటు పోతుందో బోర్డు, ఏ గుడిసె ఎవరిదో బోర్డు. ఎలుగుబంటికి యాభై గజాల దూరం ఉండాలని చట్టం కూడా ఉందండోయ్!"

ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ పాయసం తాగుతున్న నాకు మాత్రం "మీ దగ్గర అలాంటివి లేవు పాపం" అని స్పష్టంగా వినబడింది. ఇలా అనని మాటలు వినడంలో నా చెవులకు చెవులే సాటి.

"చరిత్రా కొండలూ కావాలంటే ఇరవై గంటలు విమానంలో కూచోవాలా? దసరా సెలవులకు మా బి.కొత్తకోట రండి. బోర్డులు దేనికండీ, నేనే బోర్డు!" అన్నాను. పాయసం గిన్నె పక్కన పెట్టి మరీ అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు అర్థం పెళ్ళయిన మగవాళ్ళందరికీ తెలుసు, వివరించను.

దసరాకి రెండు నెలలు టైముంది. బుద్ధున్నవాడైతే ఆ రెండు నెలల్లో ఏ పాత గెజిటీరో తిరగేసేవాడు. నేను బూట్లు కొన్నాను. కొండలెక్కే బూట్లు, నారింజ రంగువి, ఆరు వేల ఐదు వందలు. నా కాలు ఎనిమిదో నంబరు. ఎనిమిదిలో నారింజ లేదన్నాడు కొట్టువాడు. ఏడులో ఉంది. వాడుతుంటే సాగుతాయన్నాడు. సాగింది నా చర్మం. దానితోపాటు అంచు వెడల్పు టోపీ ఒకటి, మడత పెట్టే చేతికర్ర ఒకటి, మెళ్ళో ఈల ఒకటి. అద్దంలో చూసుకుంటే నాకే నా ఆటోగ్రాఫు తీసుకోవాలనిపించింది.

వాళ్ళు తిరుపతిలో దర్శనం చేసుకుంటే మేం అక్కడ కలిసి, పీలేరు మీదుగా మదనపల్లె చేరాం. వాళ్ళ అమ్మాయి తొమ్మిదో తరగతి. పుస్తకాల పురుగు అని విన్నాను గానీ ఆ పురుగు కుడుతుందని తెలీదు. బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ ముందు కారాపించి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "ఇదిగో, రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమన రాసింది ఇక్కడే. ఈ చెట్ల కింద కూచునే."

"పెదనాన్నా, రాసింది అంతకుముందే కదా? 1911లో కలకత్తా కాంగ్రెసులో పాడారు. ఇక్కడికి 1919 ఫిబ్రవరిలో వచ్చారు. ఇక్కడ చేసింది ఇంగ్లీషు అనువాదం. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ స్వరం కుదిర్చారు."

చెప్పిన తీరులో గర్వం లేదు, వెటకారం లేదు. అదే మరీ బాధ. ఎదుటివాడు వెక్కిరిస్తే కోపం తెచ్చుకుని తప్పించుకోవచ్చు. మర్యాదగా సరిచేస్తే ఎక్కడికి పోతాం? "అదే నేనూ అంటున్నా తల్లీ, ఇంగ్లీషులో రాసింది" అని కారెక్కాను. ఒక కాలేజీ ఆవరణలో జాతీయ గీతానికి ఇంగ్లీషు మాటలూ స్వరమూ కుదిరాయంటే చాలదూ? చాలదు. నాకు మొత్తం పాట కావాలి, చెట్టు కూడా కావాలి.

బి.కొత్తకోటలో టీకి ఆగాం. వేడి టీ, పక్కన బొరుగులు, మిరపకాయ బజ్జీ. సొంతూరి గాలి తగలగానే ధైర్యం మళ్ళీ వచ్చింది. తోడల్లుడు బోర్డు చూసి, "అన్నయ్యగారూ, ఈ 'బి' అంటే ఏమిటండీ?" అన్నాడు.

మీకొక రహస్యం చెప్తాను. పదో తరగతి దాకా ఆ ఊళ్ళో చదివాను. పరీక్ష పేపర్ల మీద, పోస్టుకార్డుల మీద, రేషన్ కార్డు మీద వేలసార్లు 'బి.కొత్తకోట' రాశాను. 'బి' అంటే ఏమిటని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. "తెలీదు" అనడానికి మూడక్షరాలు చాలు. కానీ ఆ మూడక్షరాలు నా గొంతులో తయారవవు.

"బ్రిటిష్," అన్నాను. "బ్రిటిష్ కొత్తకోట. తెల్లదొరలు కొత్తగా కోట కట్టించారు కదా, అందుకని."

బజ్జీలు తీస్తున్నామె జల్లిగంటె పట్టుకునే ఇటు తిరిగింది. "ఏంది సామీ, బీరంగి కదా! బీరంగి కొత్తకోట. బీరంగి ఊరు ఇక్కడే ఉండాది గదా." తర్వాత నా టోపీ వంకా బూట్ల వంకా చూసి, జాలిగా అడిగింది. "మీరు యా ఊరోళ్ళు?"

టీ డబ్బులు తోడల్లుడే ఇచ్చాడు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది చిన్న కథ. అందరూ కారులోనే ఘాటు రోడ్డున కొండెక్కి, టూరిజం వాళ్ళ కాటేజీలో దిగి, సాయంత్రం గాలిబండ మీద కూచుంటే సరిపోయేది. కానీ పోయిన పరువును వీలైనంత త్వరగా, వీలైతే అదే రోజు మధ్యాహ్నంలోపు తిరిగి సంపాదించాలని నా పట్టుదల. చూస్తే, పోగొట్టుకున్న డబ్బు కోసం మళ్ళీ పేకాటకు కూచునేవాడి పద్ధతే. కొండ కింద కారు ఆపించాను. "ఆడవాళ్ళు కారులో వెళ్ళండి. మేం అడ్డదారిన నడిచొస్తాం. చిన్నప్పుడు నేను రోజూ ఎక్కిన దారే. నలభై నిమిషాలు."

"ఏమండీ," అంది మా ఆవిడ, "లిఫ్టు చెడిపోతే మీరు రెండో అంతస్తు దాకా ఎక్కలేక వాచ్‌మన్ కుర్చీలో కూచున్నారు."

"అది మెట్లు. ఇది కొండ," అన్నాను. ఆ మాటకు అర్థమేమిటో ఇప్పటికీ నాకు తెలీదు.

నేనూ, తోడల్లుడూ, పాపా బయలుదేరాం. నీళ్ళ సీసాలు తీసుకుందామని ఆయనంటే, "దారి పొడుగునా ఊటలే, బరువెందుకు" అన్నాను. మొదటి పది నిమిషాలూ నాకు స్వర్ణయుగం. మేకలు నడిచిన బాట తేటగా ఉంది. రెండు పక్కలా సీతాఫలం చెట్లు కాయలతో వంగి ఉన్నాయి. నేను చేతికర్రతో అటూ ఇటూ చూపిస్తూ చరిత్ర చెబుతున్నాను.

"ఈ కొండకు హార్సిలీ అని పేరెందుకొచ్చిందో తెలుసా? హార్స్ అంటే గుర్రం. పూర్వం ఇక్కడ గుర్రాలు మేసేవి. అందుకే దీన్ని గుర్రంకొండ అనేవారు."

"గుర్రంకొండ వేరే కదా పెదనాన్నా? వాయల్పాడు దాటాక, కోట ఉంటుంది?"

"అది కొత్త గుర్రంకొండ."

దేవుడు చెట్ల వెనక నిలబడి నవ్వుకుని ఉంటాడు. విజయనగర రాజుల కాలం నుంచి పేరున్న కోట. 1791లో నిజాం, ఇంగ్లీషు సైన్యాలు చుట్టుముట్టిన కోట. టిప్పు సుల్తాను మేనమామ మీర్ రజా అలీఖాన్ సమాధి ఉన్న ఊరు. దాన్ని పట్టుకుని నేను 'కొత్త గుర్రంకొండ' చేసిపారేశాను. కొత్తకోటవాణ్ణి కదా, పాతది కనబడితే ఓర్వలేను.

ఎలుగుబంటి ప్రస్తావన నేనే తెచ్చాను. ఎనిమిదో తరగతిలో ఈ దారిలోనే నాకు ఎలుగుబంటి ఎదురైందనీ, కళ్ళలో కళ్ళు పెట్టి చూస్తే అదే సిగ్గుపడి వెళ్ళిపోయిందనీ చెప్పాను. ఈ కొండల్లో ఎలుగుబంట్లున్న మాట మాత్రం నిజం. తోడల్లుడు శ్రద్ధగా విని, "అక్కడ రేంజరు కూడా అదే చెప్పాడండీ. పరిగెత్తొద్దు, వీపు చూపొద్దు, మెల్లగా వెనక్కి నడవమన్నాడు," అన్నాడు.

"మనవాళ్ళకు అది పుట్టుకతో వచ్చే విద్య," అన్నాను.

అరగంటయ్యేసరికి బాట మూడుగా చీలింది. ధీమాగా మధ్యది పట్టాను. అది కలేకాయల పొదల్లోకి పోయి ఆగిపోయింది. వెనక్కొచ్చి ఎడమది పట్టాను. అది మొదట బయలుదేరిన చోటికే చేర్చింది. కుడిది పట్టాను. మేకలకు గమ్యమంటూ ఉండదని, అవి ఆకు ఎక్కడుంటే అక్కడికే బాట వేస్తాయని నలభై తొమ్మిదేళ్ళ వయసులో నాకు తెలిసింది. బూట్లలో బొటనవేళ్ళు రెండూ మంట. ఊట కాదు కదా చెమ్మ కూడా లేదు. పాప సంచిలోంచి నీళ్ళ సీసా తీసి నాకిచ్చింది. వద్దన్న నేనే ముప్పావు సీసా తాగాను.

సరిగ్గా అప్పుడు చూశాను. ముప్పై అడుగుల దూరంలో, సీతాఫలం చెట్టు మొదట్లో, నల్లగా, గుబురుగా, బొచ్చుగా, వీపు వంచుకుని కూచుని ఉంది. గాలికి బొచ్చు కదిలింది. అది కాస్త ఇటు తిరిగినట్టనిపించింది, అంతే, ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఊపిరి పట్టాలి, నోట్లోంచి అరుపు రావాల్సింది పోయి మెళ్ళోని ఈల కూసింది, అదెలా నోట్లోకి వచ్చిందో తెలీదు, తోడల్లుణ్ణి ఒక పక్కకు నెట్టాను, పాపను నెట్టలేదు, ఆ మాట మాత్రం రాసిపెట్టుకోండి, చేతికర్ర విసిరేశాను, టోపీ కొమ్మకు వదిలేశాను, పల్లం వైపు పరుగు, పరుగంటే పరుగు కాదు, కొండే నన్ను కిందికి దొర్లిస్తున్నట్టు, ఎడమ బూటు ఎక్కడో రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది, ఏడో నంబరుది, రెండు నెలలుగా ఎంత లాగినా ఊడనిది, అప్పుడు మాత్రం వెన్నలో వెంట్రుకలా ఊడొచ్చింది, ఒంటి బూటుతో ఇంకో పదడుగులు, అక్కడ కంప, ఆ కంపలో నేను, ప్యాంటు వెనక భాగం నాకంటే ఒక అడుగు పైన.

కంపలోంచి పైకి చూస్తే, తోడల్లుడు కదలకుండా నిలబడి ఉన్నాడు. రేంజరు చెప్పినట్టే, పాపను వెనక పెట్టుకుని, చేతులు చాచి, మెల్లగా ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తున్నాడు. తర్వాత ఆగాడు. ముందుకొంగి చూశాడు. తర్వాత, నెమ్మదస్తుడని చెప్పానే, ఆ మనిషి పొట్ట పట్టుకుని కింద కూచున్నాడు.

పొదల్లోంచి మేకలొచ్చాయి. వాటి వెనక దోటి పట్టుకుని ఒక అవ్వ వచ్చింది. నేరుగా నా ఎలుగుబంటి దగ్గరికి పోయి, దాన్ని అమాంతం ఎత్తి, రెండుసార్లు దులిపి భుజాన వేసుకుంది. పొద్దున మంచుకు తడిసిందని ఆరేసిన కంబళి.

"ఈలేసిందెవురు?" అంది. "నా జీవాలన్నీ బెదిరిపాయె."

పాప నా వైపు చూపించింది. అవ్వ వచ్చి కంప పక్కకు తీసి, దోటి కొస అందించి లాగింది. నా మొహం పరీక్షగా చూసింది. నేను తల తిప్పుకున్నాను. మనుషుల్లో కొందరుంటారు, వాళ్ళకు మొహాలు కాదు, వంశాలు కనబడతాయి.

"నువ్వు టైలరోళ్ళ అబ్బోడివి కాదూ? బస్టాండు కాడ మిషను ఏసుకోని ఉన్న్యాడే మీ నాయన?"

ఇక్కడ కాస్త ఆగాలి. మా నాయనది బట్టల వ్యాపారమని నేను తెనాలిలో పెళ్ళిచూపులనాడే చెప్పి ఉన్నాను. బట్టలు కుట్టడం బట్టల వ్యాపారంలోకి రాదా అంటే వస్తుంది, రాదంటే రాదు. మా ఆవిడకు పెళ్ళయిన వారానికే తెలిసిపోయింది, ఆవిడ ఎన్నడూ ఎత్తలేదు. ఇరవై ఏళ్ళుగా తెనాలివాళ్ళ దృష్టిలో మాకు పెద్ద షాపు ఉంది. ఆ మధ్యాహ్నం కొండ వాలులో, చిరిగిన ప్యాంటుతో, ఆ షాపుకు తాళం పడింది.

అవ్వకు అవేమీ పట్టలేదు. "మీ నాయన కుట్టిన రవికెలు పదేళ్ళైనా కుట్లు ఊడేవి కాదు నాయనా," అంది. ఆ ఒక్క మాటతో నా కళ్ళు చెమర్చాయి. వెంటనే అవ్వే ఆ చెమ్మ ఆర్పేసింది. "నీకు కొండంటే భయం గదా? బడి పిలకాయల్తో బస్సులో పైకి పోతా మూడో మలుపులోనే కక్కినావని మీ యమ్మ నవ్వతా చెప్పింది. మళ్ళ ఎప్పుడూ నువ్వు ఈ పక్క రానే లేదు."

రోజూ ఎక్కిన దారి. ఎనిమిదో తరగతి ఎలుగుబంటి. తోడల్లుడు ఆకాశంలోకి చూస్తున్నాడు. మంచివాడు.

దారిలో ఆవిడ చెప్పింది వింటే, నేను కొన్న సరంజామా అంతా దండగని తెలిసింది. సీతాఫలాలు పండే రోజుల్లో ఎలుగుబంట్లు తెల్లారుజామున కింది దాకా వస్తాయట. చెదల పుట్టలు తవ్వుకుంటాయట. "దానికి చూపు మందం. చప్పుడు లేకుండా పోయి దాని మీద పడితేనే మింద పడతాది. నోరు మెదుపుకుంటా పోతే అదే తప్పుకోని పోతాది." ఆ లెక్కన నా చరిత్ర ఉపన్యాసమే మమ్మల్ని ఆ రోజు కాపాడింది. ఈ వాదన నేను తర్వాత ఇంట్లో పెట్టి చూశాను. ఓట్లు పడలేదు.

బూటు ఎంత వెతికినా దొరకలేదు. అవ్వ దారిలో తన గుడిసె దగ్గర ఆపి, మనవడి టైరు చెప్పులు ఇచ్చింది. వేసుకున్నాక తెలిసింది, కాలికి సరిపోయే చెప్పు ఎంత సుఖమో. ఆవిడే మమ్మల్ని ఘాటు రోడ్డు దాకా తెచ్చి దింపింది. అక్కణ్ణించి ఫోను చేస్తే కారు కిందికి వచ్చింది. నేను ముందు సీట్లో టవలు పరుచుకుని కూచున్నాను. మూడో మలుపులో కళ్ళు మూసుకున్నాను.

కొండపైన చల్లగా ఉంది. నీలగిరి చెట్ల వాసన. పాప బోర్డులన్నీ చదువుకుంటూ తిరిగింది. ఈ కొండ అసలు పేరు ఏనుగుమల్లమ్మ కొండట. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకేవని, ఆ పిల్ల కొండవాళ్ళ జబ్బులు నయం చేసేదని, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మాయమైందని, అప్పుడు గుడి కట్టుకున్నారని కథ. ఆ గుడి ఇప్పటికీ ఉంది. తర్వాతెప్పుడో కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్సిలీ ఎండలు పడలేక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. పేరు ఆయనది నిలిచింది. గుర్రాలకూ ఈ కొండకూ ఏ సంబంధమూ లేదు.

"కడప కలెక్టరేమిటి? చిత్తూరు కలెక్టరై ఉండాలి, బోర్డు తప్పు," అన్నాను, అలవాటు కొద్దీ.

"అప్పుడు మదనపల్లె తాలూకా కడప జిల్లాలో ఉండేది పెదనాన్నా. చిత్తూరు జిల్లా 1911లో కదా వచ్చింది."

కడప నుంచి చిత్తూరుకు, 2022లో చిత్తూరు నుంచి అన్నమయ్య జిల్లాకు, కొండ కదలకుండానే ఇన్ని జిల్లాలు తిరిగింది. నేను కదిలి కదిలి ఏం తెలుసుకున్నానని అడక్కండి.

సాయంత్రం గాలిబండ మీద కూచున్నాం. పేరుకు తగ్గ గాలి. మాట నోట్లోంచి బయటికి రాగానే ఎత్తుకుపోతుంది. నాకు అంతకంటే అనువైన చోటు ఆ రోజు ఇంకోటి లేదు. కింద దూరంగా ఊళ్ళు, చెరువులు, బొమ్మల్లా. నా చిన్నప్పటి బస్టాండు ఎటుందో వెతికాను. ఎవరూ అడగలేదు కాబట్టి చూపించలేదు. తోడల్లుడు వచ్చి పక్కన కూచున్నాడు. కాసేపటికి, "అన్నయ్యగారూ, మా నాన్నగారు తెనాలి మార్కెట్లో నిమ్మకాయల కమీషన్ వ్యాపారం అని చెప్పాం కదా. నిజానికి ఆయన బస్తాలు మోసేవారండీ," అన్నాడు. గాలి ఆ మాటనూ తీసుకుపోయింది. నేను విననట్టు ఊరుకున్నాను. ఆ రోజు మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మర్నాడు వాళ్ళు గుర్రంకొండ కోట చూడ్డానికి పోయారు. నేను కింద చింతచెట్టు నీడన కాళ్ళు చాపుకుని కూచున్నాను. పాప దిగొచ్చి కథ చెప్పింది. కోట మీద ఒక గుర్రం కాపలా ఉండేదట, అది ఉన్నన్నాళ్ళూ కోట ఎవరికీ లొంగదని నమ్మకమట. ఒక మరాఠా మనిషి బండకు ఇనప మేకులు కొట్టుకుంటూ ఎక్కి ఆ గుర్రాన్ని దొంగిలించుకుపోయాడట. మేకులు కొట్టుకుంటూ నిటారు బండ ఎక్కినవాడు! నా బూట్లు గుర్తొచ్చి నోరు మెదపలేదు.

ఇంతలో కంపలో కూచున్న నా ఫొటో టెనెసీ చేరింది. మా తోడల్లుడి కొడుకు దాని కింద రాశాడట: "పెదనాన్న యాభై గజాల చట్టం బాగా పాటించారు."

హైదరాబాదు వచ్చాక కుడి బూటు గుమ్మం దగ్గర ఒంటరిగా పడి ఉంది. పారేద్దామంటే మూడు వేల రెండు వందల యాభై గుర్తొస్తుంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, టైరు చెప్పులు తిరిగివ్వాలనే వంకతో అవ్వను వెతుక్కుంటూ పోయాను. అసలు సంగతి ఎడమ బూటు. ఎవరికైనా దొరికి ఉంటే ఆవిడకు తెలియకపోదని ఆశ.

గుడిసె వెనక చిన్న టమాటా తోట. కర్రలు పాతి, తాళ్ళు కట్టి, గుత్తులు గుత్తులుగా కాసి ఉంది. మదనపల్లె మార్కెట్టుకు పోయే సరుకు. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు ఇలాంటి తోటలకు రాత్రిళ్ళు కాపలాలు పడుకున్నారు. తోట మధ్యలో ఎత్తైన వాసానికి దిష్టిబొమ్మ ఉంది. గడ్డి ఒళ్ళు, కుండ తల, కుండకు సున్నం బొట్లు. దాని మెళ్ళో తలకిందులుగా, లేసులతో సహా, నారింజ రంగులో నా ఎడమ బూటు వేలాడుతోంది.

చాలాసేపు ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం, నేనూ బూటూ.

"తోట బాగుందే అవ్వా," అన్నాను, చెప్పులు అందిస్తూ.

"బో బాగుండాది నాయనా. నీ బూటు కట్టినకాణ్ణించి ఒగ కన్ను పడ్లా," అంది అవ్వ. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నా కాళ్ళ వైపు చూసింది. "ఇంగోటి ఇంట్లో ఉంటే తెచ్చియ్యి. ఆ పక్క చేనూ మాదే."